010వ ఖాతా కాయలు 008లో పడ్డాయి: విమ్‌తో నా అనుభవం

మాది అంబాజీపేట దగ్గర పల్లె. నాన్నది కొబ్బరి వ్యాపారం. 24 మంది రైతుల తోటల్లో దింపు తీయించి, నెలాఖరుకి ఎవరి కాయల లెక్క వాళ్లకి చీటీ ఇస్తారు. ఈ నెల ఆ చీటీల పని నేను తీసుకున్నాను. అంతకుముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒకాయన వచ్చి ఏటా ఇంత కట్టాలన్నాడు, పాడైతే బాగుచెయ్యడానికి వేరే అన్నాడు. ఆఫీసు పనిలో వేల లైన్ల లాగ్ ఫైళ్లని విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్లో గాలించేదాన్ని, 24 ఖాతాలకి ఆయన కాళ్లు పట్టుకోవాలా?

గుమస్తా వాట్సాప్‌లో పంపిన వరసలన్నీ ఒక ఫైల్లో వేశాను. గెట్‌లైన్ ఫంక్షన్‌తో ఫైలంతా లిస్టులోకి వచ్చేసింది. స్ప్లిట్‌తో తేదీ, ఖాతా, కాయలు విడిపోయాయి. కాయల సంఖ్యలో కామాలుంటే ముందు సబ్‌స్టిట్యూట్‌తో తీసెయ్యండి, చివర జీ ఫ్లాగ్ మర్చిపోకండి, అది ఉంటేనే అన్ని కామాలూ పోతాయి. కామా ఉంటే విమ్ అక్కడితో చదవడం ఆపేస్తుంది, 1,200 కాయలు ఒక్క కాయ అవుతాయి. ఇంతవరకూ టీ చల్లారేలోపు అయిపోయింది.

ఇక మిగిలింది ఖాతావారీగా కూడటం. డిక్షనరీలో, అంటే ఒక్కో పేరుకి ఒక్కో విలువ దాచుకునే పట్టికలో, ఖాతా నంబరు పెట్టి కూడుకుంటూ పోవడమే. గుమస్తాకి అన్నీ మూడంకెల్లో రాయడం అలవాటు: 001, 008, 010. నా పేర్ల ఫైల్లో మాత్రం సున్నాలు లేవు. ఆ సున్నాలు పోవాలంటే ఏం చెయ్యాలని హైదరాబాద్‌లో ఉన్న మా బావని అడిగాను. ‘ప్లస్ సున్నా పెట్టెయ్, స్ట్రింగు నంబరైపోతుంది, అందరూ చేసేది అదే’ అన్నాడు. స్ట్రింగంటే అక్షరాల వరస. ఆయన మాట ప్రకారం పెట్టాను. మొత్తం కాయలు నాన్న పుస్తకంతో ఒక్క కాయ తేడా లేకుండా సరిపోయాయి. చీటీలు 20 వచ్చాయి. చివరి నలుగురి తోటల్లో ఈసారి దింపు పడలేదేమో అనుకున్నాం.

పంపకం రోజు కాయల రాశి దగ్గర గొడవ మొదలైంది. పదో ఖాతా మా చినబాబాయిది. ‘అమ్మాయ్, నా తోటలో నాలుగు వేల పైన దింపారు. ఇందులో పదకొండొందలే ఉన్నాయేంటి?’ అన్నాడు. పక్కనే పన్నెండో ఖాతా ఆయన, ‘ఆ పదకొండొందలూ నావండీ!’ అని లేచాడు. పదిహేనో ఆయన చీటీలో ఎవరివో కాయలున్నాయి. చివరి నలుగురూ తమకి చీటీలే లేవని నాన్న మీదకొచ్చారు. ‘మీ పుస్తకమే నయమండి, ఈ కంప్యూటర్లు మనకెందుకు?’ అని ఒకాయన అందరికీ వినపడేలా అన్నాడు. నాన్న ఏమీ అనకుండా పుస్తకం తెప్పించి, చీటీలన్నీ మళ్లీ చేత్తో రాశారు. నేను పక్కన నిలబడి పెన్నులు అందించాను. ఎనిమిదో ఖాతా పెద్దాయన చీటీలో మాత్రం తన కాయలతో పాటు చినబాబాయి కాయలు కూడా ఉన్నాయి. ఆయన అప్పటికే దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన గురించి ఇంతకంటే రాయను, ఊళ్లో తిరగాలి.

ఇంటికొచ్చి చూస్తే ఒకటి నుంచి తొమ్మిది వరకూ ఎవరి కాయలు వాళ్లకి పడ్డాయి. పది నుంచి తప్పింది. పోనీ అక్కడి నుంచి అన్నీ తప్పాయా అంటే అదీ కాదు, 018 వాళ్లవి 18లోనే, 019 వాళ్లవి 19లోనే ఉన్నాయి. 017 మాత్రం 15కి పోయింది. గుమస్తాని అనుమానించాను, వాట్సాప్‌ని అనుమానించాను. చివరికి జవాబు తెర మీద చూపించే ఎకో కొట్టి ‘010’ + 0 అడిగితే 8 అంది.

సంగతేమిటంటే, విమ్‌కి ఆదేశాలు రాసే పాత స్క్రిప్టు భాషలో ముందు సున్నా ఉన్న స్ట్రింగుని నంబరుగా మారిస్తే అది ఎనిమిది మూలంగా ఉన్న ఆక్టల్ సంఖ్య అవుతుంది. సీ భాష నుంచి వచ్చిన అలవాటు ఇది. అందుకే 010 అంటే 8, 012 అంటే 10, 017 అంటే 15. ఆక్టల్లో 8, 9 అంకెలు లేవు కాబట్టి 008, 018, 019 లాంటివి కనపడితే మామూలు సంఖ్యగానే చదువుతుంది. అన్నీ తప్పుంటే మొదటి చీటీకే పట్టుకునేవాళ్లం. కాయలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి జారాయే తప్ప ఎక్కడికీ పోలేదు, కాబట్టి మొత్తం కూడా సరిపోయింది.

దీనికి విరుగుడు ఒక్క ఫంక్షన్. ఎస్‌టీఆర్, 2, ఎన్‌ఆర్ కలిపి రాస్తే వచ్చేది. మూలం చెప్పకపోతే పదే అనుకుంటుంది, 010ని 10గానే ఇస్తుంది. 2022లో విమ్ 9తో వచ్చిన కొత్త స్క్రిప్టులో ఆక్టల్ కావాలంటే సున్నా పక్కన ఓ రాయాలి, అక్కడ ఈ గొడవ లేదు. స్ట్రింగు 0100 నంబరుగా 64 అవుతుందని విమ్ హెల్ప్‌లోనే రాసి ఉంది. బావ ఎన్నేళ్లుగా విమ్ వాడుతున్నాడో ఆయన్నే అడగాలి. అందరూ చేసేది అదేనట! హైదరాబాద్‌లో కూర్చుని చెప్పే సలహా అమలు చేసేముందు ఒక్కసారి హెల్ప్ తెరవండి. ఫంక్షన్ లిస్ట్ అనే పేజీలో స్ట్రింగులవి, లిస్టులవి, డిక్షనరీలవి వేర్వేరుగా పెట్టారు, వెతుక్కోవడం తేలికే.

ఇంకొకటి, చీటీ వరసని గడులుగా సర్దే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌లో చిన్న ఎస్‌తో పేరుకి 20 వెడల్పు ఇస్తే అది అక్షరాలు కాదు, కంప్యూటర్ వాటిని దాచుకునే బైట్లు లెక్కపెడుతుంది. ‘శ్రీ’ మనకి ఒక్క అక్షరం, దానికి 12 బైట్లు. తెలుగు పేర్లు దాదాపు అన్నీ 20 దాటేస్తాయి, పక్క గడులన్నీ వంకర పోతాయి. పెద్ద ఎస్ రాస్తే తెర మీద పట్టే గళ్లు లెక్కపెడుతుంది. అయినా కాగితం మీద తెలుగు ఫాంటు ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు తీసుకుంటుంది, అందుకని నేను పేరుని వరసలో చివరికి తోసేశాను. ఖాతా, కాయలు, డబ్బు ముందు, పేరు ఆఖర్న. ఇప్పుడు ప్రింటు తీసేముందు డిక్షనరీలో ఎన్ని ఖాతాలున్నాయో లెన్ ఫంక్షన్‌తో అడిగి, గుమస్తా పంపినవాటితో పోలుస్తున్నాను. తేడా వస్తే చీటీ బయటికి పోదు.