తల్లిని కాసేపు బయట కూర్చోమన్నాక

నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎముకల వార్డులో నేను నర్సుగా పనిచేస్తున్నాను. హైవే దగ్గరే కావడం వల్ల, బండి మీద నుంచి పడి కాలో చెయ్యో విరిగిన ఇంటర్ పిల్లలు మా వార్డుకు తరచుగా వస్తుంటారు. కేసు షీటులో అలర్జీలు, ఫిట్సు, ఆఖరుసారి ఎప్పుడు తిన్నాడన్నది అన్నీ అడిగి రాస్తాము. మందు, సిగరెట్టు, ఇతర మత్తుల సంగతి రాయాల్సిన ‘అలవాట్లు’ అన్న గడిలో మాత్రం, పక్కన తల్లి ఉన్నదన్న మొహమాటంతో, అడగకుండానే ‘లేవు’ అని రాసేస్తాము. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. అది తప్పు.

తొడ ఎముక విరిగి వచ్చిన ఒక పదహారేళ్ల అబ్బాయి నా చేత ఆ తప్పు ఒప్పించాడు. “మావాడికి టీ అలవాటు కూడా లేదు సిస్టరమ్మా” అని తల్లి చెప్పింది. ప్యాంటు కత్తిరించి తీస్తుండగా జేబులో అట్టలా బిగుసుకుపోయిన చేతిరుమాలు దొరికింది. పంక్చర్ షాపు వాసన వేసింది. ఆమె మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు అడిగాను. చాలాసేపు ఫ్యాను వంక చూసి, “మా నాయనకి చెప్తారా సిస్టర్?” అన్నాడు. ఆపరేషన్ చేసే డాక్టర్లకు చెప్పక తప్పదనీ, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఉంటే తప్ప అతనికి తెలియకుండా ఇంట్లో చెప్పననీ అన్నాను. అప్పుడు చెప్పాడు: నాలుగు నెలలుగా, పంక్చర్లు అతికించే సొల్యూషన్‌ను మత్తు కోసం పీలుస్తున్నాడు. అందులోని ద్రావకాలు గుండెను, భయం, ఒత్తిడి వేళ ఒంట్లో ఊరే అడ్రినలిన్‌ అనే హార్మోనుకు అతిగా స్పందించేలా చేస్తాయి కనుక, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి ముందుగా తెలియడం ఎంతో అవసరం. మామూలు మూత్ర పరీక్షలో అది బయటపడదు, అడిగితేనే తెలుస్తుంది.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, పీల్చే మత్తుపదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం కాగా, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకంటే పిల్లలే ఎక్కువగా వాడుతున్న మత్తు అదొక్కటే. అందుచేత మందు, సిగరెట్టు గురించి అడిగి ఊరుకుంటే సరిపోదు.

బోస్టన్‌లో తయారైన ‘క్రాఫ్ట్’ అనే ఆరు ప్రశ్నల పద్ధతి ఇందుకు పనికొస్తుంది. రెండింటికి ‘అవును’ అంటే మరింత వివరంగా పరీక్షించాలి. మొదటి ప్రశ్న మత్తులో ఉన్నవారు నడిపే కారు ఎక్కావా అన్నది. మా దగ్గర దానిని బండి అని అడగాలి. జుట్టు పెంచినవాడిని, చెవిపోగు పెట్టినవాడిని ఏరి అడగడం నాకు సమ్మతం కాదు. నా పేషెంటు నుదుట విభూతి రేఖలతో వచ్చాడు.

అడిగి వదిలేయడం కూడా అన్యాయమే. సైకియాట్రిస్టు వారానికి ఒక్కరోజే వచ్చే ఆసుపత్రుల్లో, కనీసం 14446 అనే ఉచిత హెల్ప్‌లైన్ నంబరైనా చేతికివ్వాలి.

ఇప్పుడు పన్నెండేళ్లు దాటిన ప్రతి పిల్లవాడికీ, ప్రతి ఆడపిల్లకూ బీపీ చూసే సమయంలో తోడున్నవారిని బయట కూర్చోమంటున్నాను. కొందరు తల్లులు నొచ్చుకుంటారు. “అందరికీ ఇంతేనమ్మా, పది నిమిషాలు” అని చెప్పి తలుపు దగ్గరగా వేస్తాను.