ధనుర్మాసంలో దోశపిండి

పొద్దున ఐదున్నరకు గిన్నె మూత తీస్తే పిండి రాత్రి ఎంత ఉందో అంతే ఉంది. ఒక్క బుడగ లేదు, పులుపు వాసన లేదు. అదే ఎండాకాలం అయితే ఈపాటికి పొంగి, అంచు దాటి, గట్టు మీదికి కారి ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి వేడికి ఐదారు గంటలు చాలు. ధనుర్మాసం వచ్చిందంటే పది పన్నెండు గంటలైనా దానికి తెల్లవారదు.

ఎదురింటి టీవీలో తిరుప్పావై వస్తోంది. ఈ నెలంతా కొండ మీద స్వామికి సుప్రభాతం బదులు తిరుప్పావై కదా, మా వీధికీ అదే మేలుకొలుపు.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మార్నింగ్ డ్యూటీ పడిన వారం ఆరుంబావుకల్లా స్కూటీ తీస్తుంది. ఆ వారం వంటగది నాది. నా కొట్టు తొమ్మిదిన్నరకు తెరిస్తే చాలు కాబట్టి పెద్ద త్యాగమేమీ కాదు. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. స్కూలు ఆటో ఏడూ ఇరవైకి వీధి చివర ఆగుతుంది. బ్రహ్మోత్సవాలప్పుడు ట్రాఫిక్ మళ్ళిస్తే ఇంకా ముందే వస్తుంది. అంటే పిల్లలను లేపి, స్నానాలు చేయించి, ఏదో ఒకటి తినిపించి, డబ్బాలు కట్టి పంపడానికి నా చేతిలో ఉండేది గంటన్నర. అందులో సగం వాడి సాక్సు వెతకడానికే పోతుంది.

ఇడ్లీ ఆశ వదులుకున్నాను. పొంగని పిండితో ఇడ్లీ పెడితే రాళ్ళే. దోశకు మాత్రం ఇబ్బంది లేదు. రెండు గరిటెల పిండిలో గుప్పెడు బియ్యప్పిండి, కాస్త జీలకర్ర, సన్నగా తరిగిన ఎర్రగడ్డ వేసి, మజ్జిగలాగా జారేంత నీళ్ళు కలిపి, పెనం బాగా కాలాక రవ్వదోశ చల్లినట్టు చల్లాను. అంచులు ఎర్రగా, కరకరలాడుతూ వచ్చాయి. వాడు ఒకటి విరిచి నోట్లో వేసుకుని "నాన్నా, ఇది దోశా, అప్పడమా?" అన్నాడు. మూడు తిన్నాడు మరి. పాప ఏమీ అనలేదు, పరీక్షల టెన్షన్‌లో పుస్తకం చూసుకుంటూ తినేసింది.

ఆటో వెళ్ళాక అమ్మ ఫోన్ చేసింది, పాకాల దగ్గర ఊరి నుంచి. "ఏమి నాయనా, పిల్లోళ్ళు తినేసి పోయినారా?" పిండి సంగతి చెప్పాను. "చలికాలం పిండి యాడ పొంగుతాది? చేత్తో కలిపినావా, గరిటెతోనా? ఉప్పు అప్పుడే ఏసేసినావా?" అని మూడు ప్రశ్నలు. ఉప్పు వేస్తే పులియడం కొంచెం నెమ్మదిస్తుంది కాబట్టి ఎండాకాలం ముందే వేసినా పర్వాలేదు, చలికాలం పొంగాక వేయాలని అమ్మ లెక్క. రుబ్బేటప్పుడే వేయాలని మా ఆవిడ లెక్క. ఈ తగవులో నేను తలదూర్చను. అసలు పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు మినపప్పు మీదే సహజంగా ఉంటాయి, 30 డిగ్రీల దగ్గర చురుగ్గా పనిచేస్తాయి. ఈ నెలలో మా వంటగది రాత్రిపూట 20 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. పాపం వాటిదేం తప్పు? పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, అందులో పిండి గిన్నె దించి, పైన పాత దుప్పటి కప్పమంది అమ్మ. మెంతులు కూడా అర చెంచా నానబెట్టి రుబ్బమంది.

కొట్లో బేరం లేని పూట కూర్చుని ఇదే ఆలోచించాను. పొద్దున్నే కష్టపెట్టేది పొయ్యి దగ్గర పని కాదు, ఏం చేయాలో తేల్చుకోవడం. రాత్రే ఏదో ఒకటి సిద్ధంగా ఉంటే ఆ బెడద ఉండదు. కాకపోతే రాత్రి చేసిపెట్టుకోవాలని అందరూ చెప్పేవాటిలో సగం పొద్దుటికి తినలేం. ఉప్మా గట్టిపడుతుంది. కొబ్బరి చట్నీ వాసన మారుతుంది. పూరీల సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రంతా ఉంటే రుచి పెరిగేవి కొన్ని ఉన్నాయి, ముందురోజు పెట్టుకోవాల్సింది వాటినే. మన పెద్దవాళ్ళు ఫ్రిజ్ లేకుండా నడిపించింది ఇలాగే కదా.

వాటిలో మొదటిది పులిహోర గొజ్జు. తిరుపతిలో ఉంటూ పులిహోర గురించి నేను చెప్పడమేంటి అనుకోవచ్చు, కొండ మీద ప్రసాదం తిన్న నోటికి ఇంటి పులిహోర ఎప్పుడూ ఒక మెట్టు కిందే. అయినా బడి ఉన్న పొద్దుల్లో దీన్ని మించింది లేదు. వంద గ్రాముల చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీస్తాను. బాణలిలో నువ్వులనూనె కాస్త ధారాళంగానే పోసి, ఆవాలు, శెనగపప్పు, ఎండుమిరపకాయలు, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయించి, గుజ్జు పోసి, పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేస్తాను. మన చిత్తూరు బెల్లమే, ముదురు రంగుది. సన్నమంట మీద పెడితే మొదట్లో చిటపటలాడి గోడంతా చుక్కలు పడతాయి, మూత సగం పెట్టుకోవాలి. తర్వాత తర్వాత చప్పుడు తగ్గి, బుడగలు పెద్దవై, నెమ్మదిగా పగులుతాయి. గరిటెతో తోస్తే అడుగు కనిపించి, ఒక్క క్షణం ఆగి మళ్ళీ మూసుకుంటుంది. అంచుల్లో నూనె తేలాక దించేయడమే. తడి తగలని గాజుసీసాలో పెడితే ఫ్రిజ్‌లో నెల దాకా ఉంటుంది. చేసిన రోజు కన్నా మూడోరోజు బాగుంటుంది, ఉప్పూ కారం పులుపులోకి దిగుతాయి.

ఒక్కటే, శెనక్కాయ విత్తనాలు ఆ గొజ్జులో వేయకూడదు. మెత్తబడిపోతాయి. వేయించి విడిగా డబ్బాలో పెట్టుకుని, అన్నం కలిపేటప్పుడు వేస్తే పంటికింద కరకరమంటాయి.

రెండోది అసలు వంటే కాదు. రాత్రి మిగిలిన అన్నాన్ని మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడుపెట్టడం. ఒక ఎర్రగడ్డ ముక్క, ఒక పచ్చిమిర్చి అందులోనే వేసేస్తాం. పొద్దుటికి అన్నంతో సహా గడ్డ కట్టి ఉంటుంది. పాలే ఎక్కువ కాబట్టి మధ్యాహ్నం డబ్బాలో పెట్టినా పుల్లబడదు. ఉత్త అన్నాన్ని మాత్రం రాత్రంతా బయట వదిలేసి పొద్దున వేడిచేసి పిల్లలకు పెట్టొద్దని మా ఆవిడ గట్టిగా చెబుతుంది. అన్నంలో పెరిగే ఒకరకం బాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదట, వాంతులు పట్టుకుంటాయి. పులిహోర కలిపితే పులుపు కాపాడుతుంది, తోడుపెడితే పెరుగు కాపాడుతుంది. లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి.

మా చిన్నప్పుడు రాగి సంగటిదీ ఇదే పద్ధతి. రాత్రి మిగిలిన ముద్దను అవ్వ కుండలో నీళ్ళలో వేసేది. పొద్దున చేత్తో పిసికి, మజ్జిగ పోసి, ఉప్పేసి, ఎర్రగడ్డ నంజుకోమని ఇచ్చేది. అది తాగి బడికి నడిచిపోయేవాళ్ళం, మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆకలి అనే మాటే రాదు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని అప్పుడు ఎవరికీ తెలియదు, తెలిసి తాగిందీ కాదు. ఇప్పుడు పాప తాగుతుంది, కాస్త బెల్లం వేసి జావలా కాస్తేనే. వాడు ముట్టడు. గవర్నమెంటు బడుల్లో 2023 నుంచి పిల్లలకు రాగి జావ పోయడం మొదలుపెట్టారు. మా వీధిలో వాళ్ళ పిల్లాడు అక్కడ తాగుతాడట, ఇంట్లో తాగడట. అందరితోపాటు వరసలో గ్లాసు పట్టుకుంటే ఏదైనా దిగుతుందేమో.

ఇదే మాట మా అక్కతో అంటే తను వాళ్ళ ఊరి సంగతి చెప్పింది. అక్కది గుడియాత్తం, చిత్తూరు దాటితే తమిళనాడే కదా. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు పొద్దున టిఫిన్ బడిలోనే పెడతారు. 2022 సెప్టెంబరులో మదురైలో మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా తెచ్చారు. ఒకరోజు ఉప్మా, ఒకరోజు కిచిడీ, ఒకరోజు పొంగలి, పైన సాంబారు. ఇడ్లీ దోశలు రోజూ ఎందుకు లేవో నాకు ఈరోజు బాగా అర్థమైంది. అంతమంది పిల్లలకు పిండి పొంగుతుందో లేదో అని ఎవరు ఎదురుచూస్తారు? రవ్వ అయితే ఎసరు మరిగితే చాలు.

ఆ రవ్వనూ ముందే సగం వండి పెట్టుకోవచ్చు. ఆదివారం అర కిలో బొంబాయి రవ్వను నేతిలో దోరగా వేయించి, పోపు గింజలు, కరివేపాకు, ఎండుమిర్చి బాగా కరకరలాడేదాకా వేయించి అందులో కలిపి, చల్లారాక డబ్బాలో పోస్తాం. ఎర్రగడ్డ మాత్రం అందులో పడకూడదు, తడి ఉంటుంది. పొద్దున గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల నీళ్ళు మరగబెట్టి ఉప్పేసి పోస్తే ఐదు నిమిషాల పని. కుక్కర్ మూత కోసం వెతికేలోపు అయిపోతుంది.

ఇక బొరుగులు. అనంతపురం వైపు వీటితో చేసే ఉగ్గాని అంటే ప్రాణమిస్తారు, మిరపకాయ బజ్జీ లేకుండా తినరు. బడి ఉన్న పొద్దున బజ్జీలు వేసే ఓపిక నాకు లేదు. పుట్నాలు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ, కారం కలిపి కొట్టిన పొడి సీసాలో ఉంటే చాలు. ఎర్రగడ్డ, టమాటా వేగేలోపు బొరుగులు నీళ్ళలో ముంచి పిండడం, కలిపి పొడి చల్లడం. ఎక్కువసేపు నానితే ముద్దైపోతాయి, మునిగాయా, పిండామా అన్నట్టుండాలి. మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ గొడవ లేకుండా తినేది ఇదొక్కటే. ఖర్చు కూడా చాలా తక్కువ.

ఖర్చు అంటే గుర్తొచ్చింది. కొట్టు పక్కన రెడీమేడ్ పిండి ప్యాకెట్లు అమ్ముతారు. చలికాలం అవి నయమని మా పక్క కొట్టతను అంటాడు, వాళ్ళ దగ్గర పొంగే వస్తుంది కాబట్టి. నిజమే, అత్యవసరానికి మంచిదే. కానీ గ్లాసు మినపగుళ్ళు, నాలుగు గ్లాసుల ఉప్పుడు బియ్యం డెబ్బై ఎనభై రూపాయల్లో వచ్చేస్తాయి. నలుగురికి మొదటిరోజు ఇడ్లీ, మర్నాడు దోశ, ఆ మర్నాడు పులిసిన పిండిలో ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, నానిన శెనగపప్పు వేసి గుంత పొంగణాలు. ఆ డబ్బుకు బండి దగ్గర రెండు ప్లేట్ల ఇడ్లీ వస్తుంది, చట్నీ మళ్ళీ మళ్ళీ అడిగి పోయించుకోవాలి.

గుడ్లు ఉడికించి పెట్టడం అన్నిటికన్నా సులువు. కానీ మా ఇంట్లో శనివారం గుడ్డు లేదు, గురువారం అమ్మ ఒప్పుకోదు, ఇప్పుడు ధనుర్మాసం కాబట్టి నెలంతా అసలే లేదు. అందుకని ఆ ఉపాయం సంక్రాంతి దాకా పక్కన పెట్టాను.

మధ్యాహ్నం మా ఆవిడ డ్యూటీ దిగి నేరుగా కొట్టుకే వచ్చింది. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళిందని అప్పుడు తెలిసింది. పదింటికి క్యాంటీన్‌లో ఏదో తిందట. "పిల్లలకు డబ్బాలు కడతావు కదా, రేపు నాకూ ఒకటి కట్టు. ఆ ఉప్మా ఇక తినలేను" అంది. ఏం కావాలి అన్నాను. పులిహోరే, అదీ రాత్రే కలిపి పెట్టమంది, పొద్దుటికి పులుపు బాగా పడుతుందని. బెల్లం ఈసారి ఎక్కువైందట, అందుకని కాస్త కారప్పొడి చల్లాలి. శెనక్కాయ విత్తనాలు మాత్రం విడిగా కాగితంలో పొట్లం కట్టాలట, పక్క వార్డు వాళ్ళకు కూడా సరిపోయేలా.