మ్యాపులో లేని కళింగ

సెలవులకి వైజాగ్ వచ్చి కూడా పిల్లలు లాప్‌టాప్ వదలట్లేదని నాలాంటి అమ్మలు చాలామంది బాధపడుతుంటారు. అన్ని వేలు పోసి టికెట్లు కొని, ఆఫీసులో బతిమాలి సెలవు తెచ్చుకుని వస్తే, తాతయ్య ఇంట్లో కూర్చుని వీడు రోమన్ సైన్యాలు నడుపుతున్నాడేంటి అని. నేను మాత్రం ఈసారి ఆ లాప్‌టాప్ మూయించలేదు. మూయించాల్సిన పని లేదనే గట్టిగా అనుకుంటున్నాను, ఎందుకో చెప్తాను.

మేముండేది ఇంగ్లండ్‌లో, ఉత్తరాన న్యూకాజిల్. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి మొదలుపెట్టిన గోడ ముక్కలు అక్కడ ఇళ్ళ మధ్యే కనిపిస్తాయి, రోమన్ల గురించి ప్రైమరీ స్కూల్లోనే చెప్తారు, పైగా స్కూలువాళ్ళే బస్సులో తీసుకెళ్ళి కోటలు చూపిస్తారు. అందుకే మావాడికి కృష్ణదేవరాయల కంటే ముందు సీజర్ తెలిశాడు. పుట్టి పెరిగిన నేల గురించి తెలుసుకున్నాడు, మంచిదే. నా దిగులల్లా ఇటువైపు నేల మీద వాడికి ఆసక్తి ఎలా పుడుతుందా అనే. శనివారం తెలుగు క్లాసు, శతక పద్యాలు, అమ్మమ్మతో ఫోను, అన్నీ నడుస్తూనే ఉన్నాయి, కానీ వాడు వాటి కోసం ఎదురుచూడడు. ఎదురుచూసేది ఈ గేమ్ కోసం.

గేమ్ పేరు రోమ్: టోటల్ వార్. 2004లో వచ్చింది, 2021లో బొమ్మలు మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేశారు. ఆట క్రీ.పూ. 270లో మొదలవుతుంది. ఏడాదికి రెండు టర్న్‌లు, అంటే ఆడే వంతులు, ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి. మావాడు ఎప్పుడూ జూలీ అనే రోమన్ వంశమే తీసుకుంటాడు. మొదట్లో చేతిలో ఉండేవి ఉత్తర ఇటలీలో రెండే ఊళ్ళు, అరేటియం, అరిమినం. పైన గాల్ జాతులవాళ్ళు కాచుకుని ఉంటారు. పెద్ద ఆట గెలవాలంటే రోమ్‌తో కలిపి 50 ప్రాంతాలు సంపాదించాలి. పక్కనుంచి చూసేవాళ్ళకి కత్తులూ గుర్రాలే కనిపిస్తాయి గానీ వాడు ఎక్కువసేపు గడిపేది మ్యాపు ముందు. ఏ ఊళ్ళో పన్ను పెంచాలి, సైన్యానికి జీతాలు ఎలా ఇవ్వాలి, ఎవరితో సంధి, ఎవరి మీదికి ఎప్పుడు, ఇదే ఆలోచన.

మా నాన్న పోర్టులో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు, ఇల్లు సీతమ్మధారలో. మనవడు అంతసేపు మ్యాపు చూస్తూ కూర్చోవడం ఆయనకి నచ్చింది. కుర్చీ పక్కకి లాక్కుని "ఏట్రా ఇది, ఎవరి మీదికెళ్తున్నావ్?" అన్నారు. వాడు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, ఆయన తెలుగులోనే అడుగుతూ పోయారు. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లాడు, కాసేపటికి "తాతయ్యా, వీళ్ళ బల్లేలు చాలా పొడుగు, ముందు నుంచి వెళ్తే మనవాళ్ళందరూ చస్తారు, అందుకే గుర్రాలని చుట్టూ తిప్పి వెనక నుంచి పంపిస్తా" అని చెప్తున్నాడు. వాడి దగ్గర చెప్పాల్సిన సంగతి ఉంది, ఆయనకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. క్లాసులో ఈ రెండూ కలవడం చాలా అరుదు.

నాన్న వినడంతో ఆగలేదు. "గుర్రాలు బావున్నాయి, వాటికి డబ్బులెక్కడివి?" అని ఖజానా చూపించమన్నారు. సామ దాన భేద దండాలు వరసగా చెప్పి, దండం చివర ఎందుకుందో అడిగారు. కౌటిల్యుడి లెక్క ప్రకారం పక్కరాజు శత్రువు, ఆ పక్కరాజుకి అవతల ఉన్నవాడు మనకి మిత్రుడు అని చెప్పగానే వాడు గాల్ రాజ్యానికి అవతల ఎవరున్నారో వెతికాడు. జర్మన్లు, బ్రిటన్లు. బ్రిటన్లకి రాయబారిని పంపి పొత్తు కుదుర్చుకున్నాడు, తను పుట్టిన దేశంవాళ్ళతోనే.

ఊరు గెలిచాక అసలు చిక్కు మొదలవుతుంది. రాజధానికి ఎంత దూరమైతే గొడవలు అంత ఎక్కువ. పాత పాలకుల గుళ్ళూ భవనాలూ నిలిచి ఉన్నంతకాలం సంస్కృతి తేడా అని గేమ్ అసంతృప్తిని పెంచి చూపిస్తుంది. అవి పడగొట్టి రోమన్ కట్టడాలు కడితే తగ్గుతుంది. రెండు సంస్కృతుల మధ్య పిల్లల్ని పెంచుతున్న దాన్ని, ఇది నన్ను గుచ్చింది. న్యూకాజిల్ దగ్గరే సౌత్ షీల్డ్స్‌లో మేము చూసిన ఒక సమాధి రాయి వాడికి గుర్తుచేశాను. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాటెస్ అనే మనిషి, చనిపోయిన తన భార్య రెజీనా కోసం పెట్టించాడు. ఆమె బ్రిటన్ ఆడపిల్ల. పైనంతా లాటిన్, కింద ఒక్క వరస మాత్రం అతని సొంత ఊరి లిపి. సామ్రాజ్యం చివరి అంచున కూడా ఆయన తన అక్షరాలు వదులుకోలేదు. "గేమ్‌లో అలా కుదరదమ్మా" అన్నాడు మావాడు. ఇంట్లో కుదురుతుంది అన్నాను.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఊరు చేతికి రాగానే గేమ్ మూడు దారులు చూపిస్తుంది: ఊరికే ఆక్రమించుకోవడం, జనాన్ని బానిసలుగా తరలించడం, జనాన్ని చంపించడం. చంపిస్తే ఖజానాకి డబ్బు ఎక్కువ, గొడవలు తక్కువ. మావాడు దూరపు ఊళ్ళకి మూడోదే నొక్కేవాడు, ఈ ఆట ఆడేవాళ్ళు చాలామంది అదే చేస్తారట. నాన్న చూసి "ఈ ఊళ్ళో ఎంతమంది ఉండేవార్రా?" అనడిగారు. వాడు సంఖ్య చెప్పాడు. అప్పుడాయన అశోకుడి పదమూడో శిలాశాసనం సంగతి ఎత్తారు. కళింగ నుంచి లక్షా యాభై వేలమందిని తరలించారు, లక్షమందిని అక్కడే చంపారు, అంతకి ఎన్నో రెట్లు చనిపోయారు అని గెలిచిన రాజే రాయి మీద చెక్కించాడు. తరలించినవాళ్ళు, చంపినవాళ్ళు. వాడి స్క్రీన్ మీద కనిపిస్తున్నవీ అవే. మహానది నుంచి గోదావరి వైపు దాకా కళింగేరా, మనం కూర్చున్న ఈ నేల కూడా అందులోదే అన్నారు.

వాడు వెంటనే లెక్కేశాడు. ఆట 270లో మొదలు, కళింగ యుద్ధం 261 ప్రాంతంలో, అంటే తొమ్మిదేళ్ళు, పద్దెనిమిది టర్న్‌లు. "నేను గాల్స్‌తో కొట్టుకుంటున్నప్పుడే ఇక్కడ ఇది జరిగిందా?" అని మ్యాపుని కుడివైపుకి జరుపుకుంటూ పోయాడు. పార్థియా వచ్చింది, సూసా వచ్చింది, అక్కడితో అయిపోయింది. "తాతయ్యా, మనం లేం."

కానీ అదే శాసనంలో అటువైపువాళ్ళు ఉన్నారు. తన ధర్మం ఎంతదూరం చేరిందో చెప్తూ అశోకుడు అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుందర అని ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లు చెప్పాడు. తురమాయ అంటే ఈజిప్టు టాలమీ, అంతియోక సెల్యూసిడ్ రాజు, అంతికిని మాసిడోనియా రాజు. మావాడికి ఈ రాజ్యాలన్నీ కొట్టినపిండి, రోజూ వాళ్ళతో సంధులూ యుద్ధాలే. ఆ పేర్లున్న రాయి మన రాష్ట్రంలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉందంటే వాడి మొహం చూడాలి. ఇంకో విషయం నాకూ కొత్త. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ రాళ్ళ మీద ఈ పదమూడోది చెక్కించలేదు. దాని బదులు వేరే మాటలు పెట్టించాడు, మనుషులందరూ నా బిడ్డలే అని. ఎందుకలా అని వీడు అడిగితే నాన్న "చచ్చినవాళ్ళ ఇంటిముందు నిలబడి ఎంతమందిని చంపామో లెక్క చెప్తార్రా ఎవరైనా?" అన్నారు. అది ఆయన అభిప్రాయం. నాకూ అదే సబబనిపించింది.

ఆ వారమే భీమిలి రోడ్డులో తొట్లకొండకి వెళ్ళాం. నేవీవాళ్ళ సర్వేలో 1976లో బయటపడిన బౌద్ధ విహారం, రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపం పునాదులు, కింద సముద్రం. అక్కడి తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయని చెప్తే వీడు నమ్మలేదు, చదివి చూసుకుని నమ్మాడు. ఏ సైన్యమూ రాకుండా సరుకుతోపాటు వచ్చిన నాణేలు. వర్షం మొదలైనా కదలనంటే వాడి చెల్లిని కార్లో కూర్చోబెట్టి వాడితో నేనూ తడిశాను.

సింహాచలం ఎలాగూ వెళ్తాం కదా. కృష్ణదేవరాయలు 1516లో, మళ్ళీ 1519లో ఇక్కడికి వచ్చినట్టు శాసనాలున్నాయి. ఒడిశా రాజు గజపతి మీద గెలిచి, సంధి చేసుకుని, కూతుర్ని పెళ్ళాడి, కృష్ణకి ఉత్తరాన ఉన్న నేల గజపతికే తిరిగి ఇచ్చేశాడని నాన్న మెట్ల మీద చెప్పారు. "గెలిచింది ఎవరైనా ఇస్తారా?" అన్నాడు వీడు. ఇంటికొచ్చి, రోజూ తిరుగుబాటు చేస్తున్న ఒక దూరపు ఊరిని సంధిలో పొరుగు రాజ్యానికి రాసిచ్చేసి, ఏమవుతుందో చూస్తానని కూర్చున్నాడు. సరిహద్దులో కొన్నాళ్ళు గొడవ తగ్గింది.

పిల్లల మీద గేమ్ ప్రభావం గురించి నన్నడిగితే, పక్కన కూర్చుని అడిగే పెద్దమనిషి ఉన్నాడా లేడా అన్నదే చూస్తాను. ఆ గేమ్ తయారుచేసినవాళ్ళు చచ్చిన జనాన్ని డబ్బుగా లెక్క కట్టారు. ఆ చచ్చినవాళ్ళ తరఫున మాట్లాడాల్సింది ఇంట్లోవాళ్ళే, అది మా నాన్న చేశారు.

తిరిగి వచ్చేశాక ఆట ఆదివారం వీడియో కాల్‌లో సాగుతోంది. వీడు మూడో దారి ముట్టుకోవడం మానేశాడు, దాంతో ప్రతి కొత్త ఊళ్ళో పెద్ద కాపలా దళం పెట్టాలి, డబ్బు సరిపోవట్లేదు. పన్ను పెంచుతానని వీడు, ఓడరేవులు కట్టి వ్యాపారం పెంచరా అని ఆయన, ఇద్దరి మధ్యా పెద్ద వాదన. వచ్చే ఏడాది ఎర్రగుడి వెళ్ళాలని అప్పుడే తీర్మానించేసుకున్నారు. వైజాగ్ నుంచి రాత్రంతా రైలు, దిగాక మళ్ళీ కారు, నాన్న మోకాళ్ళు చూస్తే నాకు టెన్షన్, అయినా టికెట్లు నేనే చూస్తున్నాను.