హంటర్ రోడ్డు జూ, యాభై ఎకరాల లెక్క

కరీంనగర్ నుంచి హనుమకొండకు హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదుగా దాదాపు డెబ్బై కిలోమీటర్ల దారి. పెళ్లిళ్లకో, ఆస్పత్రి పనులకో తప్ప ఆ దారి పట్టని నేను, ఈసారి కేవలం హంటర్ రోడ్డులోని కాకతీయ జూలాజికల్ పార్కును తీరికగా చూడడానికే బయలుదేరాను. ఆస్ట్రేలియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న రోజుల్లో, మెల్‌బోర్న్ నగరానికి నైరుతిన వెరిబీలో ఉన్న ఓపెన్ రేంజ్ జూను, దాని విస్తరణను చూసి వచ్చాను. అక్కడ చూసిన కొన్ని సంగతులను మన ఊరి జూ పక్కన పెట్టి ఆలోచించాలనే కోరిక అప్పటినుంచీ ఉంది. హనుమకొండ బాలసముద్రంలో ఉండే మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య, నాకు తోడు వచ్చాడు. వయసులో నాకన్నా పెద్దవాడు, వాదనలో మాత్రం కుర్రవాడు.

ముందు వెరిబీ గురించి కొంత చెప్పాలి. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఇప్పుడు తెలుగు మాట వినపడని వీధి తక్కువ. మన వాళ్లు చుట్టాలు వస్తే వారాంతంలో తీసుకుపోయే చోట్లలో ఈ జూ ఒకటి. మెల్‌బోర్న్ నగరం నడుమ 1862 నుంచి ఉన్న పాత జూలో గిట్టల జంతువులకు చోటు చాలక, మేపడానికి అనుబంధ స్థలంగా వెరిబీలో భూమి తీసుకున్నారు. అదే తరువాత సందర్శకుల జూగా మారి 1983లో తెరుచుకుంది. మొత్తం 225 హెక్టార్లు, మన లెక్కలో 550 ఎకరాలకు పైమాటే. లోపల బస్సులో తిప్పుతారు. ఖడ్గమృగాలు, జిరాఫీలు, జీబ్రాలు మైదానంలో మేస్తూ కనపడతాయి. కంటికి అడ్డం వచ్చే గోడ ఎక్కడా ఉన్నట్టు తోచదు. గోడలు లేవని కాదు, నేల వాలులోనూ కందకాల్లోనూ దాచిపెట్టారు. ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. 1907లో జర్మనీలోని హాంబుర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ అనే ఆయన ఊచల బదులు కందకాలతో జంతువులను చూపించిన నాటినుంచీ ప్రపంచంలోని జూలన్నీ దాన్ని తమ తమ భూమికి తగినట్టు వాడుకుంటూ వస్తున్నాయి.

నా మనసులో నిలిచినవి మాత్రం ఏనుగులు. పాత నగర జూలోని తొమ్మిది ఆసియా ఏనుగుల మందను, అందులో మూడు పిల్లలు, 2025 ఫిబ్రవరిలో వెరిబీకి తరలించారు. రెండు జూల మధ్య దూరం నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరం లారీ మీద పోవడానికి వాటిని నెలల తరబడి సిద్ధం చేశారు. ఏనుగు తనంతట తానే ఇనుప బోనులోకి నడిచి వెళ్లి, నిమ్మళంగా నిలబడి, మళ్లీ బయటికి రావడం అలవాటు చేశారు. మత్తుమందు ఇచ్చి ఎత్తుకుపోవడం కన్నా ఇది ఎంతో నిదానమైన పని. ఖర్చు కూడా ఎక్కువే. కానీ మందలో తల్లీ పిల్లలకు బెదురు పుట్టదు. చేరిన చోట దాదాపు 21 హెక్టార్ల ఆవరణ, నీటి మడుగులు, ఒళ్లు రుద్దుకోవడానికి మట్టి దిబ్బలు, లోపల ఇసుక పరిచిన పెద్ద కొట్టాలు ఉన్నాయి. కాంక్రీటు మీద ఏళ్లతరబడి నిలబడితే ఏనుగు పాదాలు, కీళ్లు దెబ్బతింటాయి కాబట్టి ఇసుక తప్పనిసరి. ఈ మొత్తం పనికి 8.8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఖర్చయ్యాయని చెప్పుకున్నారు. నేను చూసిన రోజు ఏనుగులు చాలాసేపు దూరంగా ఉన్నాయి. చూడడానికి వచ్చిన వాళ్లలో కొందరు విసుక్కున్నారు. ఇంత డబ్బు పోసింది ఏనుగుకు అలా దూరంగా పోయే వీలు కల్పించడానికే కదా అని నాకు తోచింది.

ఇక మన జూ విషయం. ఇది 1985లో వన విజ్ఞాన కేంద్రం పేరుతో మొదలైంది. వరంగల్ పాతకాలపు వాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. విస్తీర్ణం యాభై ఎకరాలకు కాస్త అటూ ఇటూ. గేటు దగ్గర టికెట్లు తీసుకుంటూ బావకు ఈ లెక్క చెప్పాను. వెరిబీలో తొమ్మిది ఏనుగులకు ఇచ్చిన జాగా ఎంతో, హనుమకొండలో పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, జింకలు, మొసళ్లు, పక్షులు, దారులు, చెట్లు, ఆఫీసు, పిల్లల ఆటస్థలం అన్నీ కలిపి సుమారుగా అంతే. బావ ఒక్క క్షణం ఆగి, "అట్లయితే మనోళ్లు ఉన్న జాగల మస్తు సదిరిన్రన్నట్టే గదా" అన్నాడు. నిజమే, ఆ మాటలో మెచ్చుకోలు కూడా ఉంది. నగరం నలుమూలలా పెరిగి హంటర్ రోడ్డు ఇళ్లతో, ఫంక్షన్ హాళ్లతో నిండిపోయినా, ఇన్నేళ్ల నుంచి ఇక్కడ పెద్ద చెట్ల నీడ నిలిచే ఉంది.

లోపల అన్నిటికన్నా బాగా అనిపించినవి చుక్కల దుప్పుల, కృష్ణజింకల ఆవరణలు. ఇవి మందగా బతికే జంతువులు. పదిమంది చూస్తున్నా గడ్డిలో తమ పని తాము చేసుకుంటాయి. తెలంగాణ ఎండకు, ఈ నేలకు పుట్టినవి కాబట్టి వీటికోసం ప్రత్యేకంగా వాతావరణాన్ని సృష్టించాల్సిన పని లేదు. కొద్ది ఎకరాల్లో ఓపెన్ రేంజ్ అనే మాటకు కాస్తయినా న్యాయం చేయగలిగిన జంతువులు ఇవేనని నాకనిపించింది. మధ్య ఉన్న కంచెల్లో కొన్నిటిని తీసేసి, దుప్పులను, కృష్ణజింకలను, కణుజులను ఒకే పెద్ద మైదానంలో వదలడం కష్టమైన పని కాదు. అయితే గొడవపడే మగ జంతువులను విడదీయడానికి పక్క దొడ్లు ఉండాలి. మేత ఒకేచోట కాకుండా అక్కడక్కడా వేయాలి. జబ్బు చేసిన దాన్ని పట్టడానికి సన్నని దారి లాంటి పట్టుదొడ్డి ఉండాలి. ఇవేవీ సందర్శకుడి కంటికి కనపడవు. అందుకే ప్రణాళికల బొమ్మల్లో వీటికి రంగులు వేయరు.

పులుల దగ్గర జనం ఎక్కువ. హైదరాబాద్ నెహ్రూ జూ నుంచి పులులు వచ్చిన తరువాత వరంగల్, ములుగు, మహబూబాబాద్ పల్లెల నుంచి పిల్లలను తీసుకుని వచ్చేవాళ్లు పెరిగారని బావ చెప్పాడు. కేంద్ర జూ అథారిటీ నియమాల ప్రకారం జత పులులకు బయటి ఆవరణ కనీసం వెయ్యి చదరపు మీటర్లు ఉండాలి. మన భూమి లెక్కలో పది గుంటలకు కాస్త తక్కువ. రాత్రి పడుకునే గది పొడవు 2.75 మీటర్లు, వెడల్పు 1.80 మీటర్లు, ఎత్తు 3 మీటర్లకు తగ్గకూడదు. ఈ అంకెలు కనీస ప్రమాణాలు. అంతకన్నా తక్కువైతే అనుమతి రాదు. అంత ఉంటే చాలునని మాత్రం ఆ నియమాలు ఎక్కడా అనవు. అడవిలో ఒక్క ఆడపులి తిరిగే నేల పదుల చదరపు కిలోమీటర్లలో ఉంటుందని తెలిసినవాడికి పది గుంటల దగ్గర నిలబడితే కొంత ఇబ్బందిగానే ఉంటుంది. అంతలో ఒక కుర్రాళ్ల గుంపు పులిని లేపడానికి ఈలలు వేయడం మొదలుపెట్టింది. కాపలా మనిషి వచ్చి వాళ్లను మందలించి పంపాడు. వాళ్ల తప్పు కొంత ఉంది. కానీ పులి ఎక్కడ పడుకున్నా కనపడేటట్టు ఆవరణ కడితే, లేచి తిరిగేటట్టు కనపడాలని జనం కోరుకోవడంలో వింత ఏముంది?

అందుకే విస్తరణ అనగానే నేను ముందు వెనుక వైపు చూస్తాను. జూలో సందర్శకులు చూసే ముందు భాగం సగమే. మాంసం కోసి తూకం వేసే గది, దాణా నిల్వ, పశువైద్యశాల, కొత్తగా వచ్చిన జంతువును కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ దొడ్డి, పేడ ఎత్తి వేసే చోటు, సిబ్బంది స్నానపు గదులు మిగతా సగం. మన జూలలో మాంసాహార జంతువులకు వారానికి ఒకరోజు పస్తు పెట్టడం ఆనవాయితీ. జూ మొత్తానికి వారంలో ఒకరోజు సెలవు ఉండాలన్నది నియమం. ఆ రోజున కంచెలు సరిచేయడం, కందకాలు శుభ్రం చేయడం వంటి పనులు జరుగుతాయి. వెరిబీలో ఏనుగు తన పాదాన్ని కడ్డీల సందులోంచి చాచితే, సంరక్షకురాలు అవతలి నుంచే గోళ్లు చూసి అరగదీయడం నేను చూశాను. మనిషి ఆవరణలోకి అడుగు పెట్టడు, అంకుశం లేదు, గొలుసు లేదు. ఇది డబ్బుకన్నా ముందు మనుషులకు శిక్షణ అడిగే పని. ఎలుగుబంటి పళ్లు చూడడానికో, చిరుత తోకలోంచి నెత్తురు తీయడానికో హనుమకొండలో కూడా చిన్న ఖర్చుతో మొదలుపెట్టగలిగిన పని.

ఇక్కడి నేలకు మరో చిక్కు ఉంది. 2023 జూలై వానలకు వరంగల్ మునిగినప్పుడు బొందివాగు పొంగి హంటర్ రోడ్డు వెంబడి కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు. భద్రకాళి చెరువు, దాని చుట్టూ ఉన్న పాత కాలువలు, వాటి మీద లేచిన కట్టడాలు అన్నీ ఈ ప్రాంతపు నీటి నడకను మార్చేశాయి. ఇలాంటి చోట జూకు మాస్టర్ ప్లాన్ గీసేవాళ్లు కొత్త జంతువు ఏదన్న ప్రశ్నకు ముందు, కందకంలో నిలిచే నీరు ఎటు పోతుందో తేల్చుకోవాలి. కందకం నిండితే జంతువుకూ మనిషికీ మధ్య ఉన్న అడ్డు తగ్గిపోతుంది. రాత్రి గదుల గచ్చు చుట్టుపక్కల నేలకన్నా ఎత్తులో ఉండాలి. వినడానికి ఇది జంతుశాస్త్రం కాదు, మేస్త్రీ పని. కానీ వానాకాలంలో జూను కాపాడేది అదే.

భూమి సంగతికి వస్తే, గోడ అవతలికి జరపడానికి హంటర్ రోడ్డులో ఇక జాగా లేదు. అప్పుడు అందరి చూపూ అడవి వైపు పోతుంది. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ, రక్షిత ప్రాంతాల వెలుపలి అటవీ భూముల్లో ప్రభుత్వ జూలకు, సఫారీలకు కొంత వెసులుబాటు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, అటవీ భూమిలో జూ గాని సఫారీ గాని పెట్టే ప్రతిపాదన ఏదైనా తన ముందస్తు అనుమతి లేకుండా తుది ఆమోదం పొందరాదని చెప్పింది. నాకు ఈ అడ్డు మంచిదే అనిపిస్తుంది. పాకాల, ఏటూరునాగారం వంటి అడవులు ఉన్న జిల్లాల్లో, బతికున్న అడవిని నరికి దాని మధ్యలో కంచె కట్టి అడవి జంతువును చూపించడం తెలివైన పని కాదు. వెరిబీ వాళ్లు అడవి కొట్టి కట్టలేదు, నగరం అంచున ఉన్న మేత భూమిని వాడుకున్నారు.

నాకు నచ్చిన దారి కూడా వెరిబీ చరిత్రలోనే ఉంది. పాత జూను మూయకుండా, పెంచకుండా, దాని బరువు దించడానికి రెండో చోటు వెతకడం. వరంగల్ చుట్టూ పంటకు పనికిరాని ప్రభుత్వ బీడు భూమి ఒకటి దొరికితే, జింకల మందలన్నీ అక్కడికి పోవాలి. అక్కడ వంద, రెండు వందల ఎకరాలున్నా చాలు. బస్సు కాకపోతే బ్యాటరీ బండ్ల మీద తిప్పవచ్చు. హంటర్ రోడ్డులో ఖాళీ అయిన జాగా కొత్త జంతువుకు కాక, ఉన్న పులికి, ఉన్న చిరుతకు, ఉన్న ఎలుగుకు దక్కాలి. జాతుల సంఖ్య తగ్గి ఒక్కొక్కదానికి చోటు పెరగడమే ఇక్కడి విస్తరణ కావాలి. ఏనుగు ఊసు అసలే వద్దు. జూలలో ఉన్న ఏనుగులను తరలించాలని కేంద్ర జూ అథారిటీ 2009లోనే చెప్పింది. 21 హెక్టార్లు ఇవ్వగలిగినవాళ్లే వాటి జోలికి పోవాలి. పులి సఫారీ మాట కూడా అప్పుడప్పుడు వినపడుతుంది. పులుల అభయారణ్యాల అంచుల్లో పెట్టే సఫారీకే జాతీయ మార్గదర్శకాలు 40 హెక్టార్లకు తగ్గకూడదన్నాయి, అంటే మన జూకు రెట్టింపు.

బావ ఇదంతా ఓపికగా విని ఒప్పుకోలేదు. "జింకలు చూసెటందుకు ఎవడస్తడు బావా? కరీంనగర్‌ల డ్యాం కాడ మీకున్నయి గదా జింకలు. ఇక్కడికి సింహం రావాలె" అన్నాడు. ఆయన వాదనలో బలం లేకపోలేదు. టికెట్ల డబ్బు రాకపోతే దాణా ఖర్చుకు ప్రభుత్వం ముందు చేయి చాచాలి, సర్కారు డబ్బు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలున్న నెహ్రూ జూకు జనం పోయేది పెద్ద జంతువుల కోసమేనన్నదీ నిజమే. నేను ఆయనను దారిలో గేటు దగ్గరున్న పటం ముందుకు తీసుకెళ్లి, సింహాల జతకు కూడా పులులంత జాగా, దానికి రాత్రి గదులు, దాని చుట్టూ సందర్శకుల అడ్డుకంచె కావాలి, ఏ ఆవరణ తీసేస్తావో నువ్వే చూపించు అన్నాను. బావ కాసేపు వేలితో పటమంతా తిరిగి, చివరికి పిల్లల ఆటస్థలం మీద వేలు పెట్టాడు. ఉయ్యాలలు తీసేసి సింహాన్ని పెడితే పిల్లలను తీసుకుని ఎవరొస్తారని నేను, సింహాన్ని చూసిన పిల్లకు ఉయ్యాల ఎందుకని ఆయన, టీ కొట్టు దగ్గర కూడా ఇదే వాదించుకున్నాం.