నోట్‌బుక్‌లో ‘ట’

టొరంటోలో చేరిన మొదటి ఏడాది ఫోన్ చేసినప్పుడల్లా నాన్న ఒకటే అడిగేవాడు. "ఇంతకీ ఏం కనిపెడుతున్నావురా?"

"ఆస్పత్రివాళ్లకి ఎలాంటి సాఫ్ట్‌వేర్ కావాలో కనుక్కుంటున్నాను నాన్నా."

"వాళ్లని అడిగితే వాళ్లే చెప్తారుగా. దానికి పీహెచ్‌డీ ఎందుకు?"

నిజం చెప్పొద్దూ, అప్పటికి నా అభిప్రాయమూ ఇంచుమించు అదే. ఇక్కడికి రాకముందు ఆరేళ్లు కోడ్ రాశాను. రిక్వైర్‌మెంట్స్ అంటే క్లయింట్ పంపే వర్డ్ ఫైలు. ‘ద సిస్టమ్ షల్’ అని మొదలయ్యే వాక్యాలు రెండు మూడొందలు ఉండేవి. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో అందులో ఉండదు. వాక్యానికో నంబరు, నంబరుకో టిక్కు, సాయంత్రానికి స్టేటస్ కాల్.

టొరంటో యూనివర్సిటీలో ఈ పనిని చూసే తీరే వేరు. గ్రీస్ నుంచి వచ్చి, 1970లో ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేసి ఇక్కడ పాఠాలు చెప్పిన జాన్ మైలోపౌలోస్, ఆయన విద్యార్థులు వేసిన దారి అది. 1982లో సోల్ గ్రీన్‌స్పాన్, అలెక్స్ బోర్గిడాలతో కలిసి ఆయన రాసిన పేపర్ మా ల్యాబ్‌లో అందరూ మొదట చదవాల్సిందే. రిక్వైర్‌మెంట్స్‌లో మెషీన్ సంగతి తర్వాత, ముందు అది వెళ్లి కూర్చునే లోకం సంగతి రాయమంటుంది ఆ పేపర్. కృత్రిమ మేధవాళ్లు లోకజ్ఞానాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాయడానికి తయారుచేసుకున్న పద్ధతుల్ని తెచ్చి సాఫ్ట్‌వేర్ పనికి వాడడమన్నమాట. చదివినప్పుడు బాగానే తలూపాను. బుర్రకెక్కింది మాత్రం చాలా తర్వాత.

మా ప్రాజెక్టు ఒక ఆస్పత్రిలో బెడ్ల లెక్క. ఏ వార్డులో ఎన్ని ఖాళీ అన్నది తెర మీద కనబడితే, ఎమర్జెన్సీలో ఎదురుచూస్తున్న రోగుల్ని పైకి పంపొచ్చు. దానికోసం నేను మనుషుల్ని ఇంటర్వ్యూ చేయాలి. టెన్షన్‌కి అంతు లేదు. ఇక్కడి ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ ఆ వేగానికి నా చెయ్యి అందుకోదు. అందుకని సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో గీకేసేవాణ్ని. పైగా మా ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలంటే నోరు రాక, ఆరు నెలలు ఉత్త ‘హాయ్’తో నెట్టుకొచ్చిన మనిషిని. అలాంటివాణ్ని వెళ్లి నర్సుల్నీ మేనేజర్లనీ ప్రశ్నలడగమంటే!

బెడ్లు చూసుకునే మేనేజర్ ఒకావిడ చాలా ఓపిగ్గా చెప్పింది. రోగి డిశ్చార్జ్ అయ్యి వెళ్లగానే నర్సు సిస్టమ్‌లో ‘ఖాళీ’ అని నొక్కుతుంది, మనిషి వచ్చి శుభ్రం చేస్తాడు, తర్వాతి రోగి వస్తాడు. నా నోట్‌బుక్‌లో ఇలా ఉంది: "రోగి వెళ్లగానే నర్సు ఖాళీ అని కొడుతుందట."

ఆ రాత్రి దాన్ని శుభ్రంగా ఇంగ్లిష్‌లోకి ఎక్కించాను. డిశ్చార్జ్ కాగానే నర్సు బెడ్ స్టేటస్ మారుస్తుంది. అంతే, ‘ట’ పోయింది. మేనేజర్ తన గది నుంచి చెప్పిన మాట కాస్తా లోకంలో జరిగే సంగతి అయిపోయింది. మర్నాడు అది ఒక రూల్. వారం తిరిగేసరికి దాని మీద ఇంకో పన్నెండు రూళ్లు.

ట్రయల్ పెట్టిన మూడోరోజు మధ్యాహ్నం, వార్డు నిండిపోయిందని తెర మీద ఎరుపు రంగు. కింద ఎమర్జెన్సీ వరండాలో రోగులు స్ట్రెచర్ల మీదే ఉన్నారు. పని మీద ఆ వార్డుకి వెళ్లిన డాక్టర్ ఒకాయనకి మూడు బెడ్లు ఖాళీగా కనబడ్డాయి. మాకు ఈమెయిల్ వచ్చింది. ఒక్క కోపపు మాట లేదు. ‘మీ డ్యాష్‌బోర్డ్ లెక్క ఇంట్రెస్టింగ్‌గా ఉంది’ అని మాత్రం ఉంది. ఇక్కడ మర్యాదస్తులు ‘ఇంట్రెస్టింగ్’ అన్నారంటే మెచ్చుకున్నట్టు కాదని అప్పటికే నాకు తెలుసు. మొదట్లో మురిసిపోయేవాణ్ని.

ప్రోగ్రాంలో తప్పు వెతికాను. దొరకలేదు. ‘ఖాళీ’ అన్న నమోదు లేకపోతే ఖాళీ కానట్టే లెక్క. డేటాబేస్‌లో లేనిది అబద్ధమనుకోవాలన్న ఈ సూత్రాన్ని క్లోజ్డ్ వరల్డ్ అసంప్షన్ అంటారు. 1978లో దానికి తర్కంలో రూపమిచ్చిన రేమండ్ రైటర్ కూడా తర్వాత టొరంటోలోనే పనిచేశాడు. విమానాల టైమ్‌టేబుల్‌కి అది చక్కగా సరిపోతుంది. పట్టికలో పదింటి విమానం లేకపోతే పదింటికి విమానం లేనట్టే. కానీ వార్డు టైమ్‌టేబుల్ కాదు కదా.

ప్రొఫెసర్ నన్ను తిట్టలేదు. 1993 సెప్టెంబర్‌లో వార్సాలో జరిగిన లుఫ్తాన్సా ప్రమాదం గురించి చదివిరమ్మన్నాడు. తడి రన్‌వే, వెనక నుంచి తోస్తున్న గాలి. ఎయిర్‌బస్ ఏ320 చక్రాలు నేలని తాకాయి కానీ, ‘దిగాం’ అని కంప్యూటర్ ఒప్పుకోవడానికి కావాల్సిన బరువు, చక్రాల వేగం లాంటి గుర్తులు కొన్ని సెకన్లపాటు అందలేదు. గుర్తు లేదు కాబట్టి దిగలేదు. విమానాన్ని ఆపాల్సిన రివర్స్ థ్రస్ట్, స్పాయిలర్లు ఆలస్యంగా అందుకున్నాయి. రన్‌వే దాటి మట్టిగట్టుని గుద్దుకుంది. ఇద్దరు పోయారు. రాసిన సాఫ్ట్‌వేర్ రాసినట్టే పనిచేసింది. చక్రాలు నేలని తాకగానే ఆ గుర్తులు వచ్చేస్తాయన్న నమ్మకమే ఆరోజు నిలబడలేదు. 

అప్పుడు పాత నోట్‌బుక్ తీసి చూశాను. ‘ట’ అక్కడే ఉంది, నా చేతిరాతలో. అది చదివింది నేనొక్కణ్నే, కొట్టేసిందీ నేనే.

తర్వాత రెండు వారాలు వార్డులో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి నాలుగు రోజులు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఐదోరోజు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక నర్సు, ఇరవై ఏళ్ల సర్వీసు, టిఫిన్ డబ్బా మూత తీస్తూ తనే మాట కలిపింది. నేనూ బయటి దేశంవాణ్నేనని చూశాక కాస్త జాలిపడినట్టుంది.

"పదకొండింటికి రోగి వెళ్లాడనుకో. అప్పుడే ఖాళీ అని నొక్కితే పది నిమిషాల్లో ఇంకొకర్ని తోసేస్తారు. మిగతా ఐదుగురికి మందులెవరివ్వాలి? నేనెప్పుడు తినాలి? అందుకే అన్నీ అయ్యాక, మూడింటికి నొక్కుతాను. అందరం అంతే." డబ్బాలోంచి ఒక ముద్ద తిని, "ఇది రాసుకోకు" అంది.

పదకొండుకీ మూడుకీ మధ్య నాలుగు గంటలు. నాకు వెంటనే టెలోస్ గుర్తొచ్చింది. మైలోపౌలోస్, బోర్గిడా, యార్కె, కుబరాకిస్ 1990లో అచ్చువేసిన భాష అది, లోకజ్ఞానాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాయడానికి. అందులో ప్రతి విషయానికీ రెండు కాలాలుంటాయి. లోకంలో అది ఎప్పుడు నిజమైందన్నది ఒకటి, సిస్టమ్ దాన్ని ఎప్పటి నుంచి నమ్ముతోందన్నది రెండోది. పరీక్ష కోసం బట్టీపట్టి, పనికిమాలిన పాండిత్యమని మనసులో తిట్టుకున్న సంగతి. బెడ్ పదకొండింటికి ఖాళీ అయింది, మెషీన్‌కి మూడింటికి తెలిసింది. నా డిజైన్‌లో ఉన్నది ఒకే ఒక్క టైమ్ గడి.

గడి ఇంకోటి చేర్చడం ఒక పూట పని. కానీ దాన్ని నింపాల్సింది ఆవిడే కదా. పదకొండని ఎందుకు నింపుతుంది? ఇక్కడ ఎరిక్ యూ పనికొచ్చాడు. 1995లో టొరంటోలోనే ఆయన పీహెచ్‌డీగా తెచ్చిన ‘ఐ స్టార్’ పద్ధతిలో సిస్టమ్ ఏం చేయాలి అనేకంటే ముందు, ఎవరికి ఏం కావాలి, దానికోసం ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు అన్నది గీస్తాం. మనుషులు గుండ్రాలు. కొలిచి ఇదిగో అయింది అని చెప్పలేని కోరికలకి మబ్బు ఆకారం. మేనేజర్ గుండ్రం నుంచి నర్సు గుండ్రానికి గీత గీస్తే బొమ్మ ఒక్కసారిగా మాట్లాడింది. ఖాళీ కబురు కోసం మేనేజర్ నర్సు మీద ఆధారపడింది. ఆ కబురు ఇచ్చినందుకు నర్సుకి వచ్చేది ఇంకో రోగి. నర్సు గుండ్రంలో ఒక మబ్బు గీసి ‘పని ఒత్తిడి మితిమీరకుండా ఉండడం’ అని రాశాను. త్వరగా నొక్కడం నుంచి ఆ మబ్బుకి బాణం వేసి, దాని మీద ‘హర్ట్’, అంటే దెబ్బతీస్తుందని.

గీశాక కంగారు పట్టుకుంది. రాసుకోకు అంది కదా. పేరు లేదు, వార్డు నంబరు తీసేశాను, అయినా చూసేవాళ్లు ఆ ఆస్పత్రివాళ్లే. మబ్బు తీసేస్తే బొమ్మ మళ్లీ వర్డ్ ఫైలే. రాత్రి రెండుసార్లు చెరిపి రెండుసార్లు గీశాను.

రివ్యూ మీటింగ్‌లో మేనేజర్ ఆ కాగితం చాలాసేపు చూసింది. తర్వాత వేలు సరిగ్గా మబ్బు మీద పెట్టి, "ఇది ఎవరు చెప్పారు?" అంది.

తెలుగులో అయితే ‘అట’ అనేసి ఊరుకునేవాణ్ని. పక్కవాళ్ల మాట అని తెలుస్తుంది, ఆ పక్కవాళ్లెవరో తెలియదు. ఇంగ్లిష్‌లో దాని కోసం తడుముకుని, "ఇట్ వజ్ మెన్షన్డ్" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. "ఇంట్రెస్టింగ్" అని పేజీ తిప్పింది.