దొనాతర్‌కి దిగే ముందు కాగితం మీద తేల్చుకోవాల్సినవి

1945 నవంబర్ 10 నాటికి యూరప్‌లో యుద్ధం ముగిసి ఆర్నెల్లయింది. కానీ ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఇయేర్ పట్టణానికి ఎదురుగా, పోర్కెరోల్, పోర్‌క్రో దీవుల మధ్య నీళ్లలో వదిలేసిన మైన్లను ఇంకా పూర్తిగా ఏరెయ్యలేదు. ఆ రోజు వైన్ సరుకుతో వస్తున్న దొనాతర్ అనే 78 మీటర్ల ఓడ ఒక మైన్‌కి తగిలింది. ముక్కు భాగం తెగిపోయింది, మిగతాది 51 మీటర్ల లోతున అడుగుకు చేరి నిటారుగా కూర్చుండిపోయింది. నెల తిరక్కుండానే, డిసెంబర్ 3న, సగోనా అనే మరో ఓడకీ ఆ దగ్గర్లోనే అదే గతి పట్టింది. అది 47 మీటర్ల లోతున ఉంది. అక్కడి డైవర్లు దాన్ని ‘ల గ్రెక్’, అంటే గ్రీకువాడు, అని పిలుస్తారు.

యుద్ధం అయిపోయినా మైన్ ఎలా పేలుతుందని చాలామంది అడుగుతారు. ఆనాటి తగులుడు మైన్లలో ఎక్కువ వాటికి పైన సీసపు కొమ్ములుండేవి. ఒక్కో కొమ్ములో చిన్న గాజు గొట్టం, దాన్నిండా ఆమ్లం. ఓడ తగిలి సీసం వంగితే లోపల గాజు పగిలి, ఆమ్లం కిందున్న పొడి బ్యాటరీలోకి జారి కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతోనే మందు అంటుకుంటుంది. ముందే నిండిపోయిన బ్యాటరీ కాదు కాబట్టి అది నెలలూ ఏళ్లూ నీళ్లలో నానినా డిశ్చార్జి అయ్యేదేమీ లేదు. ఈ ప్రాంతంలో ఏ ఇనుప గుండో, డబ్బానో కనబడితే చెయ్యి పెట్టకూడదనడానికి ఇంతకుమించి కారణం అక్కర్లేదు.

ఓడని చూడటం కష్టమేమీ కాదు. నీరు తేటగా ఉన్న రోజు తాడు పట్టుకుని 30 మీటర్లు దిగేసరికి కిందంతా నల్లటి ఆకారంగా తేలుతుంది. కష్టమంతా తిరిగి రావడంలో ఉంది. లోతున ఒంట్లో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికి పోవాలి, అందుకే మధ్యమధ్యలో ఆగుతూ ఎక్కాలి. ఆ కష్టాన్ని పడవ ఎక్కే ముందే లెక్కగట్టుకోవాలి.

50 మీటర్ల దగ్గర పీడనం 6 బార్, అంటే నీటి పైన ఉన్నదానికి 6 రెట్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 120 లీటర్లు పీలుస్తాడు. 15 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంటే 3,000 లీటర్లు, ‘అంటే 25 నిమిషాలు’ అని లెక్కేస్తారు కొందరు. ఆ లెక్కలో తిరిగి రావడం లేదు, జోడీ (తోడుగా దిగే డైవర్) లేడు, కంగారూ లేదు. అసలు లెక్క చివరి నుంచి మొదలెట్టాలి. అత్యంత లోతున ఉండగా జోడీ గ్యాస్ పూర్తిగా పోయిందనుకోండి. ఇప్పుడు ఇద్దరూ ఒకే సిలిండర్ మీద ఉన్నారు, ఇద్దరికీ ఆయాసం. తలా 30 లీటర్లు, కలిపి 60. విషయం అర్థమై, రెగ్యులేటర్ (గ్యాస్ పీల్చడానికి నోట పెట్టుకునేది) అందుకుని, కదలడానికి 2 నిమిషాలు: 60 ఇంటూ 6 ఇంటూ 2, అంటే 720 లీటర్లు. 50 నుంచి 21 మీటర్లకి నిమిషానికి 9 మీటర్ల చొప్పున ఎక్కడానికి 3 నిమిషాల పైచిలుకు, సగటు పీడనం 4.5 బార్ పైన: ఇంకో 900 దాకా. 21 దగ్గర రెండో సిలిండర్‌కి, అంటే ఆగుతూ ఎక్కేటప్పుడు పీల్చే 50 శాతం ఆక్సిజన్ ఉన్నదానికి, మారడానికి ఒక నిమిషం: 186. మొత్తం 1,800 లీటర్లు. దీన్ని ముట్టుకోకూడదు.

12 లీటర్ల జంట సిలిండర్లలో ఇది 75 బార్. 200 నుంచి అది తీసేస్తే 125 బార్ మిగుల్తుంది, అంటే 3,000 లీటర్లు. దిగడానికీ తిరగడానికీ కావలసినంత. అదే ఒంటి 15 లీటర్ల సిలిండర్‌లో ఆ నిల్వ 120 బార్. మిగిలిన 80 బార్ దిగడంతో కలిపి 10 నిమిషాలకే అయిపోతుంది. ఒంటి సిలిండర్‌తో దొనాతర్‌కి వెళ్లొచ్చామని చెప్పేవాళ్లు దొరుకుతారు. వాళ్లు వెళ్లింది నిజమే, ఆ 1,800 లీటర్ల అవసరం పడని రోజున వెళ్లారు.

ఏ గ్యాస్ అన్నది తర్వాతి ప్రశ్న. ఫ్రాన్స్ క్రీడా నియమావళి మామూలు గాలితో 60 మీటర్ల దాకా ఒప్పుకుంటుంది, తగిన స్థాయి సర్టిఫికెట్ ఉంటే. గాలిలోని ఆక్సిజన్ 51 మీటర్ల దగ్గర 1.28 బార్, అందులో గొడవ లేదు. నైట్రోజన్ మత్తు గురించి అందరూ చెబుతారు. సాంద్రత గురించి తక్కువమంది చెబుతారు. పైన లీటరుకు 1.3 గ్రాములుండే గాలి అక్కడ 7.9 గ్రాములవుతుంది. గావిన్ ఆంథొనీ, సైమన్ మిచెల్ అనే పరిశోధకులు 5.2 లోపు ఉంచుకోమని, 6.2 దాటొద్దని సూచించారు. గాలి దాదాపు 39 మీటర్ల దగ్గరే ఆ గీత దాటేస్తుంది. చిక్కటి గ్యాస్‌ని ఊపిరితిత్తులు వేగంగా తోడలేవు, కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో నిలిచిపోతుంది. అది మత్తుని పెంచుతుంది, ఆయాసం తెస్తుంది, ఆయాసంతో ఇంకా గబగబా పీలుస్తారు. ఈ రెండు దీవుల మధ్య ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి, ఎదురీదే మనిషికి ఈ చక్రం మొదలవడానికి రెండు నిమిషాలు చాలు. బయటికి అది ‘ఊరికే భయపడ్డాడు’ అన్నట్టు కనబడుతుంది.

18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ ఉన్న ట్రైమిక్స్ అనే మిశ్రమం అయితే అదే లోతులో సాంద్రత 4.9 గ్రాములు, ఆక్సిజన్ 1.1 బార్, మత్తు గాలితో 24 మీటర్ల దగ్గర ఉన్నంతే. హీలియం ఖరీదు నిజమే. కానీ గాలితో చూసిన దొనాతర్‌లో సగం పైకొచ్చాక గుర్తుండదు. గ్యాస్ ఎవరు నింపినా అనలైజర్ పెట్టి ఎవరిది వాళ్లే కొలుచుకోవాలి, మిశ్రమం, గరిష్ఠ లోతు, తేదీ టేపు మీద రాసి సిలిండర్‌కి అంటించాలి.

దిగే ముందు పడవ మీంచి తాడు వంక ఒక నిమిషం చూడండి. కట్టిన తేలుడు బంతి నీటిలోకి సగం మునిగి వెనక నురగ గీస్తుంటే ఆ రోజుకి వద్దు. ఉత్తరం వైపు నుంచి వీచే మిస్ట్రాల్ గాలి తగ్గిందని సంబరపడటం కాదు, కింద నీరు ఎటు లాగుతోందో చూడాలి. ప్రవాహం ఓ మోస్తరుగా ఉంటే పడవ వెనక నుంచి దిగుడు తాడు దాకా ఒక పక్క తాడు కట్టమనండి. చేతులతో లాక్కుంటూ వెళ్లాలి, ఈదకూడదు. 5 మీటర్ల దగ్గర ఆగి ఒకరి వాల్వుల్లో బుడగలు ఇంకొకరు చూసుకోవాలి. చిన్న లీక్ అక్కడ చిన్నదే. 50 దగ్గర దాన్ని చూసి మనసు పక్కకు పోతుంది.

ఎండాకాలంలో పైన 24 డిగ్రీలుంటే కింద 14, 15 ఉంటాయి. ఆ మార్పు ఒక గీత గీసినట్టు వస్తుంది, ఆ పొరలో నీరు వేడి నూనెలా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్ 6 బార్ కింద పల్చబడి వెచ్చదనమూ తేలే గుణమూ రెండూ పోగొట్టుకుంటుంది. చలి అసలు పట్టేది పైకొస్తూ ఆగినప్పుడు, కదలకుండా ఉంటారు కాబట్టి. నీరు లోపలికి రానివ్వని డ్రైసూట్ వేసుకుంటే దాన్లోకి ట్రైమిక్స్ ఎక్కించకూడదు. హీలియం గాలికన్నా దాదాపు 6 రెట్లు వేడిని లాగేస్తుంది. సూట్‌కి వేరే చిన్న సీసాలో గాలి ఉండాలి.

ఓడ వెనక భాగం దగ్గర ఎక్కువసేపు గడపడం మంచిది. అక్కడ రెయిలింగుల మీదా, పక్కల మీదా ఎర్ర గోర్గోనియన్లు (పగడాల కోవకు చెందిన జీవులు) విసనకర్రల్లా ప్రవాహానికి అడ్డంగా విచ్చుకుని ఉంటాయి. లైటు వెయ్యకపోతే అవి మసి రంగులో కనిపిస్తాయి. ఎరుపు ఆ లోతుకి చేరదు. లైటు పడగానే ముదురెరుపు, కొన్నింటికి కొసలు పసుపు. దగ్గరికెళ్లి చూస్తే కొమ్మంతా సన్నటి నూగులా ఉంటుంది. ఆ నూగులో ప్రతి పోగూ ఎనిమిది చేతులున్న ఒక జీవి, నీటిలో కొట్టుకొచ్చే తిండిని పట్టుకుంటుంది. మీ ఫిన్ కదిపిన నీరు సోకితే చాలు, అన్నీ ముడుచుకుంటాయి. ఇవి ఏడాదికి రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూగా పెరుగుతాయి, కాబట్టి ఒక్క తన్నుతో ముప్పై ఏళ్లు విరిగిపోగలవు. 2022 వేసవిలో మధ్యధరా నీరు వేడెక్కి తక్కువ లోతుల్లోని గోర్గోనియన్లు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. లోతున చల్లటి నీటిలో ఉన్నవాటికి ఆ దెబ్బ తక్కువ.

లోపలికి దూరడం గురించి: ఏ వస్తువునూ తాకకపోయినా సరే, మీరు వదిలిన బుడగలు పైకప్పుకి కొట్టుకుని తుప్పు పొరలు రాలుస్తాయి. వెళ్లేటప్పుడు తేటగా ఉన్న గది తిరిగొచ్చేటప్పుడు ఎర్రటి పులుసులా ఉంటుంది. వెనక్కి దారి చూపే తాడు వేయడం నేర్చుకోనివాళ్లు గుమ్మం దగ్గరే లైటు వేసి చూసి వచ్చేయాలి. తెగిన వలలూ గాలాల దారాలూ ఇలాంటి ఓడలకు చుట్టుకునే ఉంటాయి. కోసే సాధనాలు రెండుండాలి, రెండూ ఏ చేతికైనా అందేచోట. కాలికి కట్టుకున్న కత్తి వలలో ఇరుక్కున్న మనిషికి అందదు.

20 నిమిషాలు అడుగున ఉంటే పైకి రావడానికి అంతకన్నా ఎక్కువ పడుతుందని అనుకోండి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పే అసలు పట్టికతో పాటు, రెండో సిలిండర్ పని చేయకపోతే వాడాల్సిన పట్టిక కూడా పలక మీద రాసుకోవాలి. 50 శాతం ఆక్సిజన్ ఉన్న ఆ సిలిండర్‌ని 21 మీటర్లకు రాకముందు నోట పెట్టుకుంటే ప్రాణాంతకం. 50 దగ్గర అది 3 బార్ ఆక్సిజన్, మూర్ఛ వస్తుంది, రెగ్యులేటర్ జారిపోతుంది. అందుకే మార్చేటప్పుడు వరస తప్పకూడదు: లోతు చూడటం, సిలిండర్ మీద అంకె చదవడం, ఆ సిలిండర్ నుంచి గొట్టాన్ని చేత్తో తడుముతూ నోటి దాకా రావడం, జోడీ చూసి సరేనన్నాకే పీల్చడం.

దిగిన తాడు దొరకకపోతే వెతుకుతూ గ్యాస్ తగలెయ్యొద్దు. నిర్ణయించుకున్న నిమిషానికి ఓడ వదిలేసి, ఎక్కుతూ మార్కర్ బుయ్ (దారం కట్టి నీటి పైకి వదిలే, గాలి నింపిన గుర్తు సంచి) పంపాలి. 30 మీటర్ల దారం ఉన్న స్పూల్ 21 దగ్గర నుంచి పంపడానికి సరిపోతుంది, ఓడ మీంచి పంపాలంటే రీల్ కావాలి. స్పూల్‌ని ఒంటికి క్లిప్ చేసుకుని పంపితే, దారం ఇరుక్కున్న క్షణంలో బుయ్‌తో పాటు మీరూ లేస్తారు. ఆగుతూ ఎక్కే ఆ అరగంటలో ప్రవాహం మిమ్మల్ని చాలా దూరం మోసుకెళ్తుంది. పడవలో ఉన్న మనిషికి ఆ బుయ్ తప్ప ఇంకో ఆనవాలు లేదు.

ఓడ మీంచి ఏదీ తీసుకురాకూడదు. ఫ్రాన్స్ వారసత్వ చట్టం ప్రకారం సముద్రంలో కొత్తగా ఏదైనా చారిత్రక వస్తువు కనిపిస్తే 48 గంటల్లో అధికారులకు తెలియజేయాలి, ఉన్నచోటే ఉంచాలి.

పడవలో ఆక్సిజన్ ఉందా, ఎంతుంది, మాస్క్ ఎక్కడుంది అన్నది బయల్దేరే ముందే అడగండి. కరిగిన గ్యాస్ ఒంట్లో బుడగలు కట్టిందనడానికి గుర్తులు భుజం నొప్పి, చర్మం మీద మచ్చలు, వేళ్ల తిమ్మిరి, అలవాటు లేని నీరసం, వీటిలో ఏది వచ్చినా నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టి, వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్‌లో గానీ 196 నంబరుకి గానీ సముద్ర రక్షణ కేంద్రాన్ని పిలవాలి. దగ్గర్లోని పీడన గది (ఆ బుడగలకు పీడనంతో చికిత్స చేసే గది) తూలోన్‌లోని సెంట్-ఆన్ సైనిక ఆసుపత్రిలో ఉంది. ‘కాస్త పడుకుంటే తగ్గుతుంది’ అన్నవాళ్లే ఆలస్యంగా అక్కడికి చేరేది. విమానం 24 గంటల తర్వాతే. జంట సిలిండర్లు వీపున వేసుకుని నిచ్చెన ఎక్కొద్దు, నీళ్లలోనే విప్పి పైకి అందించండి, వాటిని ఎత్తే పని దిగనివాళ్లకి వదిలేయండి.