పిల్లల గది కిటికీ, సిటీ పర్మిట్: కాలిఫోర్నియాలో నా అనుభవం

మాది కాలిఫోర్నియాలో, శాంటా క్లారా కౌంటీలో, 1972లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. మేం కొనేనాటికి కిటికీలన్నీ అప్పటివే. అల్యూమినియం చౌకట్టు, ఒంటి పొర అద్దం. చలికాలం పొద్దున్నే లేస్తే అద్దం లోపలి వైపు నీళ్లు కారుతుండేవి, కింది అంచున నల్లగా బూజు పట్టేది. వేసవిలో పడమటి వైపున్న హాల్లో సాయంత్రం నాలుగు దాటితే కూర్చోలేకపోయేవాళ్లం. అన్నీ ఒకేసారి మార్చేద్దామని నేనూ మా ఆయనా నిర్ణయించుకున్నాం. పర్మిట్ ఎలా తీసుకున్నారు, అసలు అవసరమా అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను. పిల్లలకు మేడ మీద పడకగదులున్న వాళ్లు తప్పకుండా చదవండి.

మొదట కొటేషన్ ఇవ్వడానికి వచ్చినతను పర్మిట్ మాటే ఎత్తలేదు. నేను అడిగితే, "ఉన్న సైజులోనే ఉన్న రకమే పెడుతున్నాం కదా, దానికి పర్మిట్ ఎందుకండీ, డబ్బు దండగ" అన్నాడు. మా వీధిలో తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా పర్మిట్ లేకుండానే చేయించుకున్నామని చెప్పారు. అయినా నాకు మనసొప్పక సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాను. సైజు మారకపోయినా కిటికీ మొత్తం మారుస్తుంటే పర్మిట్ కావాల్సిందే, పగిలిన అద్దం ఒక్కటే మార్చుకుంటే అక్కర్లేదు అని చెప్పారు. ఈ రూలు ఊరిని బట్టి కొంచెం మారుతుంది కాబట్టి మీ సిటీని మీరే అడగండి. ఇంకో సంగతి. కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేటప్పుడు, పర్మిట్ లేకుండా చేసిన మార్పులేమైనా ఉన్నాయా అని అమ్మేవాళ్లు రాసిచ్చే డిస్‌క్లోజర్ ఫారంలో ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ అబద్ధం రాయలేం కదా.

మొదట కొటేషన్ ఇచ్చిన ఆ మనిషే సగం డబ్బు అడ్వాన్సుగా అడిగాడు. ఈ రాష్ట్రంలో ఇంటి పనికి కాంట్రాక్టర్ తీసుకోగలిగే అడ్వాన్సు మొత్తం ధరలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతే. అది తెలిశాక అతనితో మాటలు ఆపేశాం. తర్వాత రాష్ట్ర లైసెన్స్ బోర్డు సైట్లో నంబరు కొట్టి చూసి, సి-17 అనే గ్లేజింగ్ (అద్దాల పని) లైసెన్స్ ఉన్న ఇంకొకరిని పట్టుకున్నాం. మాది 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి పాత పెయింట్లో సీసం ఉండే అవకాశం ఉంది. అలాంటి ఇళ్లలో పని చేయడానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే లెడ్-సేఫ్ సర్టిఫికెట్ కూడా ఆయనకుందో లేదో చూసుకున్నాం. మాకు హెచ్‌ఓఏ లేదు. అంటే కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం. అది ఉన్నవాళ్లు దాని అనుమతి ముందే తీసుకోవాలి. వాళ్లు కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది, అది అడిగి తీసుకోండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాం. కాగితాలు కాంట్రాక్టర్ సిద్ధం చేశాడు కానీ ప్రతి పేజీ నేనూ కూర్చుని చూశాను. ఇంటి ప్లాను స్కెచ్, అందులో ఏ గదిలో ఏ కిటికీ, పాత సైజు, కొత్త సైజు, ఏ రకంగా తెరుచుకుంటుంది, పొగ అలారాలు ఎక్కడున్నాయి, ఇవన్నీ ఉండాలి. ఇది కాక ఎనర్జీ ఫారం ఒకటి. కాలిఫోర్నియా ఎనర్జీ కోడ్‌ని అందరూ టైటిల్ 24 అంటారు. మేం పెట్టినప్పుడు 2022 కోడ్ అమల్లో ఉంది. దాని ప్రకారం మా ప్రాంతంలో, అంటే క్లైమేట్ జోన్ 4లో, కిటికీ యూ-ఫ్యాక్టర్ 0.30 దాటకూడదు, ఎస్‌హెచ్‌జీసీ 0.23 దాటకూడదు. మొదటిది ఇంట్లో వేడి ఎంత బయటికి పోతుందో చెబుతుంది, రెండోది ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెబుతుంది. మాలాంటి ఎండ ప్రాంతంలో రెండూ ఎంత తక్కువైతే అంత మంచిది. మా పడమటి హాలుకి ఈ రెండో అంకె ఎంత ముఖ్యమో మొదటి వేసవిలోనే తెలిసింది. ఇప్పుడు సాయంత్రాలు కర్టెన్ వేయకుండానే కూర్చుంటున్నాం.

ఇంతవరకూ మామూలు కాగితాల పనే. కొన్నాళ్లకు సిటీ నుంచి ప్లాన్ చెక్ కామెంట్లు, అంటే మా కాగితాలు చూసి రాసిన అభ్యంతరాలు వచ్చాయి. బాత్‌టబ్ పక్కనున్న కిటికీ అద్దం టెంపర్డ్, అంటే పగిలినా పదునైన పెద్ద ముక్కలవ్వని రకం, అయి ఉండాలి, అది ఒకటి. సరే, మార్చేశాం. రెండోది, మేడ మీద పిల్లల గదుల్లో కిటికీల "నెట్ క్లియర్ ఓపెనింగ్", అంటే పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ, ఎంతో చూపించమన్నారు. కాంట్రాక్టర్ లెక్క వేసి పంపిన అంకెలు చూసి నేను ఆగిపోయాను.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికాలో ప్రతి పడకగదికీ, అగ్నిప్రమాదం జరిగితే తలుపు దారి మూసుకుపోయినా బయటపడే మార్గం ఒకటుండాలి. మామూలుగా అది కిటికీయే. లోపలున్న వాళ్లు దూరి బయటికి రావడానికీ, వీపున గాలి సిలిండర్ కట్టుకున్న ఫైర్‌మన్ లోపలికి రావడానికీ సరిపోయేంత ఖాళీ ఉండాలి. బిల్డింగ్ కోడ్‌లో దానికి కొలతలిచ్చారు. కిటికీ పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ వెడల్పు 20 అంగుళాలకు, ఎత్తు 24 అంగుళాలకు తగ్గకూడదు. మొత్తం వైశాల్యం 5.7 చదరపు అడుగులకు తగ్గకూడదు, బయటి నేలమట్టానికి దగ్గరగా ఉండే కిటికీ అయితే 5 చాలు. ఆ ఖాళీ కింది అంచు గది నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. 20 వెడల్పు, 24 ఎత్తు ఉంటే చాలనుకునేరు. ఆ రెండూ గుణిస్తే 480 చదరపు అంగుళాలు, అంటే 3.3 చదరపు అడుగులే. వెడల్పు 20 మాత్రమే ఉంటే ఎత్తు 41 పైన ఉండాలి, ఎత్తు 24 మాత్రమే ఉంటే వెడల్పు 34 పైన ఉండాలి. అప్పుడు గానీ 5.7 రాదు.

మా పిల్లల గదుల్లో ఉన్నవి 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల ఎత్తు కిటికీలు. పై సగం కదలదు, కింది సగం పైకి జరుగుతుంది. చూడ్డానికి పెద్ద కిటికీయే. టేపు పట్టుకుని పూర్తిగా తెరిచి కొలిస్తే ఖాళీ వెడల్పు 33, ఎత్తు 21. అంటే 4.8 చదరపు అడుగులు. ఇన్నేళ్లూ పాప, బాబు పడుకుంటున్న గదులవి. ఇక కొత్తవి రెట్రోఫిట్ పద్ధతిలో పెడతామన్నారు, అంటే గోడకున్న పాత చౌకట్టు అలాగే ఉంచి దాని లోపల కొత్త చౌకట్టు దింపడం. గోడ బయటి స్టకో (సిమెంట్ పూత) కోయక్కర్లేదు, ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది. కానీ చౌకట్టులో చౌకట్టు పెడితే ఖాళీ ఇంకా తగ్గుతుంది. పైగా కొత్తవాటి వైనిల్ (ఒక రకం ప్లాస్టిక్) చౌకట్టు అల్యూమినియం కన్నా లావు. అదే రకం కిటికీ పెడితే మిగిలేది వెడల్పు 31, ఎత్తు 19. దాదాపు 4.1 చదరపు అడుగులు. వేల డాలర్లు పోసి, పిల్లలు బయటపడే దారిని ఇంకా ఇరుకు చేసుకోబోయాం. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు, ఆ కామెంట్లు రాసిన సిటీ ప్లాన్ చెకర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ చాలా ఓపిగ్గా చెప్పారు. పాత ఇళ్లకు కొంత వెసులుబాటు ఉందట, గోడ పగలగొట్టి కిటికీని పెద్దది చేయమని బలవంతం లేదు. కానీ ఇప్పుడున్న ఖాళీ కన్నా తగ్గించడానికి మాత్రం ఒప్పుకోం అన్నారు. "అదే కన్నంలో కేస్‌మెంట్ పెట్టి చూశారా?" అని ఆవిడే అడిగారు. కేస్‌మెంట్ అంటే మన ఊళ్లలో పాత చెక్క కిటికీల్లా రెక్క మొత్తం బయటికి తెరుచుకునే రకం, కాకపోతే ఇక్కడ పిడి తిప్పితే తెరుచుకుంటుంది. అందులో సగం అద్దం అడ్డు ఉండదు. ఎగ్రెస్ హింజ్ అని రెక్క పక్కకు పూర్తిగా తప్పుకునే ప్రత్యేకమైన మడతబందు కూడా దొరుకుతుంది. కాంట్రాక్టర్ మళ్లీ లెక్క కట్టాడు: వెడల్పు 27, ఎత్తు 42. దాదాపు 7.9 చదరపు అడుగులు. అదే గోడ, అదే కన్నం, పాత చౌకట్టు కూడా తీయలేదు. ఖాళీ మాత్రం మేం ముందు పెట్టబోయినదానికి దాదాపు రెట్టింపు. ఈ రెండు కిటికీలకూ ధర కొంచెం ఎక్కువ పడింది. నేను ఇంత ఇష్టంగా ఖర్చు పెట్టింది ఈ ఇంట్లో ఇంకేదీ లేదు.

మార్చిన కాగితాలు పంపాక పర్మిట్ వచ్చింది. ఆ తర్వాతే కిటికీలు ఆర్డర్ పెట్టాం. ఇది గట్టిగా చెబుతున్నాను: పర్మిట్ చేతికి రాకుండా ఆర్డర్ పెట్టనివ్వకండి. ఇవి మీ ఇంటి కొలతలకే తయారవుతాయి, వెనక్కి తీసుకోరు. తొందర పెట్టి ముందే ఆర్డర్ పెట్టించుకునే కంపెనీలున్నాయని కూడా విన్నాను.

అప్పటికే గుంటూరు నుంచి అమ్మా నాన్నా వచ్చారు. వాళ్లది కింద గది. కిటికీలు బిగిస్తుంటే అమ్మ ఒకటే బెంగ. "ఊచల్లేని కిటికీ ఏంటే? ఎవడైనా చెయ్యి పెట్టి లాగితే? గ్రిల్స్ పెట్టించండి" అని. మనకు కిటికీ అనగానే ఊచలు గుర్తొస్తాయి, దొంగ లోపలికి రాకూడదన్నదే మన లెక్క. ఇక్కడ లోపలి మనిషి బయటికి పోగలగాలన్నది ముందు లెక్క. పడకగదికి గ్రిల్ పెట్టుకోవచ్చు కానీ లోపలి నుంచి తాళంచెవి గానీ, పనిముట్టు గానీ లేకుండా తీయగలిగేలా ఉండాలి. ఇదంతా అమ్మకు చెబుతుంటే నాన్న విని, "మన ఇంట్లో మేడ మీద గదికి గ్రిల్ బిగించి సిమెంట్ చేయించాను కదమ్మా, కింద నిప్పంటుకుంటే పైనున్నవాళ్లు ఎట్లా వస్తారు?" అన్నారు. ఊరెళ్లాక ఆ గదిలో ఒక కిటికీకి మడతబందులు పెట్టించి, లోపలి గడియతో తెరుచుకునే గ్రిల్ చేయించారు. మన ఊళ్లలో అపార్ట్‌మెంట్ బాల్కనీలకు నిండా గ్రిల్ బిగించుకున్న వాళ్లందరూ ఈ మాట ఒకసారి ఆలోచించాలని నా కోరిక. వెల్డింగ్ షాపుకెళ్లి చెబితే తెరుచుకునే తలుపు లాంటి గ్రిల్ వాళ్లే చేసిస్తారు.

ఇన్‌స్పెక్షన్ రోజు గురించి. కొత్త కిటికీల మీద ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ స్టిక్కర్లుంటాయి (అది కిటికీలకు రేటింగ్ ఇచ్చే సంస్థ), యూ-ఫ్యాక్టర్, ఎస్‌హెచ్‌జీసీ అంకెలు వాటి మీదే ఉంటాయి. ఇన్‌స్పెక్టర్ చూసేదాకా పీకకూడదు. మా బాబు ఒకటి పీకబోతుంటే పట్టుకుని ఆపాను. వచ్చినాయన ముందు స్టిక్కర్లు చూశారు. తర్వాత బాత్‌రూమ్ అద్దం మూలన చిన్న అక్షరాలతో చెక్కిన టెంపర్డ్ ముద్ర కోసం టార్చ్ వేసి చూశారు. ఆ ముద్ర లేకపోతే ఎంత చెప్పినా ఒప్పుకోరు. పిల్లల గదుల్లో పిడి తానే తిప్పి రెక్క చివరిదాకా తెరిచి, టేపుతో అద్దాన్ని కాకుండా ఖాళీని కొలిచారు. ఆ రెండు అంకెలూ కాగితంలో ఉన్నవాటితో సరిపోయాయి.

అంతా అయింది అనుకుంటే పొగ అలారాల దగ్గరికి వచ్చారు. కాలిఫోర్నియాలో 1,000 డాలర్లు దాటిన పనికి పర్మిట్ తీసుకుంటే, ఆ పనితో సంబంధం లేకపోయినా ఇంట్లో పొగ అలారాలు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు సరిగ్గా ఉండాలి. ప్రతి పడకగదిలో ఒక పొగ అలారం, పడకగదుల బయట ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి. కార్బన్ మోనాక్సైడ్‌ది పడకగదుల బయటా, ప్రతి అంతస్తులోనూ. మా కాంట్రాక్టర్ ముందే చెప్పడంతో పదేళ్ల బ్యాటరీ లోపలే సీల్ చేసి ఉండే రకం కొని పెట్టాం. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటీ నొక్కి చూశారు. ఇల్లంతా కూత. అమ్మ చెవులు మూసుకుంది. అన్నీ మోగాయి, ఫైనల్ సంతకమైంది.

మేడ మీద రెక్క కిటికీ అంత బారుగా తెరుచుకుంటే చిన్నపిల్లలు పడిపోరా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన భయమే. దానికి కిటికీ నాలుగంగుళాలకు మించి తెరుచుకోకుండా ఆపే పరికరం పెట్టించాం. కొనేటప్పుడు ఏఎస్‌టీఎం ఎఫ్2090 అనే భద్రతా ప్రమాణం పేరు ఉందో లేదో చూడండి. ఆ రకం అయితే అవసరం వచ్చినప్పుడు పెద్దవాళ్లు తాళంచెవి లేకుండా విడిపించి పూర్తిగా తెరవొచ్చు. స్క్రూ కొట్టి శాశ్వతంగా బిగించేది మాత్రం వద్దు. మా పాపకు పదకొండేళ్లు, దానికి విడిపించడం నేర్పాం. దాని మంచం కింద మడిచి పెట్టిన ఎస్కేప్ నిచ్చెన ఉంది.

ఇప్పుడు కిటికీలు మార్చే ఆలోచన లేకపోయినా సరే, ఈ రాత్రి పిల్లల గదిలోకి టేపు పట్టుకెళ్లండి. కిటికీ పూర్తిగా తెరిచి, ఖాళీ వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి, రెండూ గుణించి 144తో భాగించండి. 5.7 కన్నా తక్కువ వస్తే, ఆ గదిలోంచి బయటికి ఇంకే దారి ఉందో పిల్లలతో కూర్చుని మాట్లాడండి. కొటేషన్‌కి వచ్చేవాళ్లను ప్రతి పడకగదికీ ఈ అంకె కాగితం మీద రాసిమ్మని అడగండి.